అద్దె రాఫ్టులకు లైసెన్సు: పడవను తనిఖీ చేస్తున్నాం, నదిని ఎవరు చూస్తున్నారు?

వేసవి సెలవుల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నుంచి ఉత్తరాదికి వెళ్లే బృందాల్లో చాలావరకు రిషీకేశ్‌లో ఆగుతాయి. పెద్దలకు గంగా హారతి, కుర్రకారుకు రాఫ్టింగ్. రోడ్డు పక్క బుకింగ్ బల్ల దగ్గర డబ్బు కట్టి, ఒక కాగితం మీద సంతకం చేసి, లైఫ్ జాకెట్ తొడుక్కుంటే కాసేపట్లో రబ్బరు రాఫ్ట్ గంగలో ఉంటుంది.

ఆ సంతకానికి ముందు తెలుసుకోవలసిన విషయాలు మూడున్నాయి. ఈ రాఫ్ట్‌ను నీటిలోకి దించే అనుమతి ఎవరిచ్చారు? దాన్ని నడిపే గైడ్‌ను ఎవరు పరీక్షించారు? ఇవాళ నది రాఫ్ట్‌కు అనువుగా ఉందని ఎవరు తేల్చారు? మొదటి రెండింటికీ కొన్ని రాష్ట్రాల నిబంధనల్లో జవాబులున్నాయి. మూడోదానికి మాత్రం చాలాచోట్ల గట్టి జవాబు లేదు. మన దేశంలో జరిగిన కొన్ని పెద్ద నదీ ప్రమాదాలను చూస్తే, ప్రాణాలు పోయింది ఈ మూడో ప్రశ్న దగ్గరే.

ఇంజిన్ లేని పడవ ఎవరి పరిధి?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు పడవలను రెండు రకాలుగా చూస్తుంది. లోతట్టు జలమార్గాల్లో యంత్రంతో నడిచే పడవల రాకపోకలు ఉమ్మడి జాబితా 32వ అంశంలో ఉన్నాయి. అంటే వాటిపై కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయవచ్చు. మిగిలిన లోతట్టు జలమార్గాలు, రేవులు, యంత్రం లేని వాహనాలు రాష్ట్ర జాబితా 13వ అంశం కిందికి వస్తాయి. తెడ్లతో నడిచే రాఫ్ట్, కయాక్, కెనో, మనవాళ్ల పుట్టి ఈ రెండో కోవలోవి.

ఈ విభజన ఫలితం చాలా కాలం కనిపించింది. 1917 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వందేళ్లకు పైగా యంత్రపు పడవల గురించే మాట్లాడింది. దాని స్థానంలో వచ్చిన 2021 చట్టం ఇంజిన్ లేని పడవలను కూడా ప్రస్తావించింది. వాటిని నమోదు చేసే పనిని రాష్ట్రాలు జిల్లా, తాలూకా, గ్రామ పంచాయతీ స్థాయి సంస్థలకు అప్పగించే వీలు కల్పించింది. నమోదు అయితే పడవ ఎవరిదో తెలుస్తుంది. కానీ సుడులు తిరిగే వడిలో పర్యాటకులను తీసుకెళ్లడానికి ఏ అర్హతలు కావాలో ఆ నమోదు చెప్పదు. అందుకు రాష్ట్రాలు విడిగా నిబంధనలు రాసుకోవాల్సిందే.

హిమాచల్ ప్రదేశ్ ఆ పని 2005లో చేసింది. ఉత్తరాఖండ్ 2014లో రాఫ్టింగ్, కయాకింగ్ నిబంధనలు తెచ్చింది. పక్కనున్న నేపాల్‌లో కాఠ్మాండూ నుంచి పోఖరా, చిత్వాన్‌ల వైపు వెళ్లే దారి పొడవునా త్రిశూలి నది మీద రాఫ్టులు కనిపిస్తాయి. అక్కడ రాఫ్టింగ్ సంస్థల లైసెన్సు 1978 నాటి పర్యాటక చట్టం కిందికి వస్తుంది. మనకు అలాంటి ఒకే జాతీయ చట్టం లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో పడవల భద్రతపై మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి రాష్ట్రాలకు దారి చూపుతాయి గానీ, వాటికవే శిక్ష వేయలేవు.

శిక్షాస్మృతిలో మాత్రం ఒక సెక్షన్ 1860 నుంచీ ఉంది. సురక్షితం కాని పడవలో, లేదా పరిమితికి మించిన బరువుతో, ప్రాణాపాయం కలిగేలా అద్దెకు మనుషులను నీటి మీద తీసుకెళ్లడం నేరం. పాత ఐపీసీలో అది 282వ సెక్షన్. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 284వ సెక్షన్. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జరిమానా పరిమితి వెయ్యి రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది. రద్దీ రోజు ఒక్క ట్రిప్పుకు వచ్చే డబ్బుతో పోలిస్తే ఇది యజమానిని భయపెట్టే మొత్తం కాదు. అందుకే లైసెన్సు ముఖ్యమవుతుంది. లైసెన్సు రద్దయితే సీజన్ మొత్తం పోతుంది.

రిషీకేశ్‌లో ఏం జరిగింది?

దేవప్రయాగ వద్ద భాగీరథి, అలకనంద కలిసి గంగ అవుతాయి. అక్కడి నుంచి దిగువకు వచ్చాక, కౌడియాలా నుంచి రిషీకేశ్ వరకు సుమారు 36 కిలోమీటర్ల ప్రవాహం దేశంలో అన్నిటికన్నా ఎక్కువ రాఫ్టులు తిరిగే చోటు. శివపురి నుంచి బయల్దేరే 16 కిలోమీటర్ల ట్రిప్పు, బ్రహ్మపురి నుంచి బయల్దేరే చిన్న ట్రిప్పు కొత్తవాళ్లకు. పైన ‘ద వాల్’ అని పిలిచే ఉరవడి అనుభవం ఉన్నవాళ్లకు.

ఈ వ్యాపారం మొదట నిబంధనల కన్నా వేగంగా పెరిగింది. రాఫ్ట్‌తో పాటు రాత్రి బస కలిపి అమ్మడం లాభసాటి కావడంతో గంగ ఒడ్డున ఇసుక మేటల మీద గుడారాల శిబిరాలు వెలిశాయి. మరుగుదొడ్లు, చెత్త, శబ్దాలపై ఫిర్యాదులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరాయి. 2015 డిసెంబరులో ట్రిబ్యునల్ కౌడియాలా నుంచి రిషీకేశ్ వరకు నది ఒడ్డు శిబిరాలను నిషేధించింది. రాఫ్టింగ్‌ను మాత్రం కొనసాగనిచ్చింది. ఈ తేడా గమనించదగ్గది. నది మీద రెండు గంటలు సాగే తెడ్డు పడవ వేరు, ఒడ్డునే వెలిసే తాత్కాలిక ఊరు వేరు అని ట్రిబ్యునల్ చూసింది.

2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. పారదర్శకమైన విధానం రూపొందించే వరకు రాష్ట్రంలో రాఫ్టింగ్, పారాగ్లైడింగ్, ఇతర జలక్రీడలకు అనుమతి ఇవ్వరాదని ఆదేశించింది. సరైన నియంత్రణ లేని క్రీడల్లో ప్రాణాలు పోతున్నాయన్నది కోర్టు ఆందోళన. నిబంధనలు సవరించాక రాఫ్టులు మళ్లీ నీటిలోకి దిగాయి.

ఆ కొద్ది వారాలు రిషీకేశ్‌కు రెండు విషయాలు చెప్పాయి. కాగితం మీద నిబంధనలు ఉన్నంత మాత్రాన కోర్టు తృప్తి పడదు. అమలు బలహీనంగా ఉంటే జాగ్రత్తగా నడిపే సంస్థ కూడా నిర్లక్ష్యంగా నడిపే సంస్థతో కలిసి మూతపడుతుంది. గైడ్లు, వంటవాళ్లు, రాఫ్టులు మోసే జీపుల డ్రైవర్లు అందరి కూలీ ఒక్కసారే ఆగిపోతుంది.

లైసెన్సులో ఏముంటుంది?

రాష్ట్రాల మధ్య వివరాలు మారినా, రాఫ్టింగ్ లైసెన్సుకు మూడు పొరలు ఉంటాయి.

మొదటిది సంస్థకు. ఏ నదిలో, ఎక్కడ నుంచి ఎక్కడ దాకా, ఎన్ని రాఫ్టులు నడపాలో అందులో రాస్తారు. బీమా తప్పనిసరి చేస్తారు. హిమాచల్‌లో సాంకేతిక కమిటీ తనిఖీ చేశాకే పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ ఇస్తుంది.

రెండోది సామగ్రికి. రాఫ్ట్‌ను ఒకే గాలి సంచిలా కాకుండా విడివిడి గదులుగా తయారు చేస్తారు, ఒకటి చిరిగినా మిగిలినవి తేలేలా. లైఫ్ జాకెట్ మనిషి బరువుకు సరిపోవాలి, బకిల్స్ బిగియాలి. హెల్మెట్, నీటిలో పడినవారికి విసిరే తాడు సంచి, ప్రథమ చికిత్స పెట్టె, గాలి పంపు ఉండాలి. పెద్ద ఉరవడుల్లో రాఫ్ట్ వెంట ఒక రక్షణ కయాక్ నడవాలి. రాఫ్ట్ తిరగబడితే మొదట చేరుకునేది అదే.

మూడోది గైడ్‌కు. ఇది అన్నిటికన్నా విలువైన పొర. నది చదవడం, తాడుతో రక్షించడం, ప్రథమ చికిత్స, ఆగిన గుండెను తిరిగి కొట్టుకునేలా చేసే సీపీఆర్, వీటిలో పరీక్ష పెట్టి అనుమతి పత్రం ఇస్తారు. మంచి రాఫ్ట్‌ను అనుభవం లేని గైడ్ ముంచేయగలడు. పాత రాఫ్ట్‌ను కూడా నేర్పరి ఒడ్డుకు చేర్చగలడు.

ఈ మూడు పొరలకూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. అన్నీ సీజన్ మొదట్లో, ఒకసారి, ఒడ్డు మీద జరిగే తనిఖీలు. పత్రం మీద ముద్ర పడ్డాక ఏడాదంతా చెల్లుతుంది. నది మాత్రం ఏడాదంతా ఒకేలా ఉండదు.

ఉదయం నది వేరు, మధ్యాహ్నం నది వేరు

ఉరవడులను అంతర్జాతీయంగా 1 నుంచి 6 వరకు శ్రేణుల్లో కొలుస్తారు. ఒకటి అంటే చిన్న అలలతో సాగే తేలికపాటి ప్రవాహం. ఆరు అంటే పడవ నడపడం దాదాపు అసాధ్యం. అయితే ఒక ఉరవడి శ్రేణి రాతి మీద చెక్కినది కాదు. ప్రవాహం పెరిగితే మూడో శ్రేణి నాలుగవుతుంది. కొన్నిచోట్ల రాళ్లు మునిగి పైకి నెమ్మదించినట్టు కనిపిస్తూ, అడుగున సుడి బలపడుతుంది. ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో కొలుస్తారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు.

రిషీకేశ్ గంగలో నీరు ప్రకృతి ఇష్టం మీదే రాదు. ఎగువన భాగీరథి మీద 1,000 మెగావాట్ల టెహ్రీ ప్రాజెక్టు, దాని దిగువన 400 మెగావాట్ల కోటేశ్వర్ ఉన్నాయి. అలకనంద మీద 330 మెగావాట్ల శ్రీనగర్ ప్రాజెక్టు ఉంది. కరెంటు గిరాకీ పెరిగిన వేళ టర్బైన్లు తిప్పితే నీరు దిగువకు వస్తుంది. ఎండ కాస్తున్నా, వాన చుక్క పడకపోయినా నది పెరగవచ్చు.

నిబంధనలు ఈ ప్రమాదాన్ని ఎక్కువగా క్యాలెండర్‌తో ఎదుర్కొంటున్నాయి. ఉత్తరాఖండ్‌లో జులై, ఆగస్టు నెలల్లో రాఫ్టింగ్ ఆపేస్తారు. హిమాచల్‌లో జులై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు నిషేధం. వానాకాలపు వరదకు ఇది అవసరమే. కానీ జూన్ చివరి వారంలో మంచు కరిగి వచ్చే నీటికి, సెప్టెంబరు చివర్లో కురిసే కుండపోతకు, డ్యామ్ వదిలే నీటికి తేదీలతో పని లేదు.

తెలుగు కుటుంబాలు దీన్ని మరిచిపోలేవు. 2014 జూన్ 8న మండి జిల్లాలో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థుల మీదికి లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీరు వచ్చింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వాళ్లు రాఫ్ట్‌లో లేరు. అయినా ఆ ఘటన రాఫ్టింగ్ నిబంధనలకు సూటిగా వర్తిస్తుంది. డ్యామ్ గేటు దగ్గరున్న మనిషికి, దిగువన నీటిలో ఉన్న మనిషికి మధ్య కబురు అందే వ్యవస్థ ఆ రోజు పనిచేయలేదు. తర్వాత హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశిస్తూ విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వం మీద ఆ భారాన్ని పంచింది.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్రకు వెళ్తున్న ‘రాయల్ వశిష్ఠ’ పడవ గోదావరిలో మునిగింది. అది ఇంజిన్ పడవ, చట్టం వేరు. తప్పిన మెట్టు మాత్రం అదే. ఆ రోజు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారుతోంది. పర్యాటక శాఖ అనుమతి లేదని, కాకినాడ ఓడరేవు అధికారుల లైసెన్సు ఉందని అప్పట్లో రెండు మాటలు వినిపించాయి. లైసెన్సు ఎవరిదైనా, అంత వరదలో పడవను రేవు దాటనివ్వకుండా ఆపే ఒక్క చెయ్యి అక్కడ లేకపోయింది. 70 మందికి పైగా ఎక్కిన పడవలో 26 మంది బతికి బయటపడ్డారు. ఆ తరువాతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పడవల రాకపోకలు చూసేందుకు కంట్రోల్ రూములు తెచ్చింది. 2020లో తొమ్మిది చోట్ల వాటిని ప్రారంభించింది.

హొగెనక్కల్ పద్ధతి

నది నీటిమట్టాన్ని బట్టి పడవను ఆపే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. దక్షిణాదిలోనే ఉంది. కావేరి మీద తమిళనాడు, కర్ణాటకల సరిహద్దున ఉన్న హొగెనక్కల్ జలపాతం దగ్గర పర్యాటకులు గుండ్రటి పుట్టి ఎక్కుతారు. తమిళంలో దాన్ని పరిసల్ అంటారు. ఎగువన కర్ణాటకలోని కబిని, కృష్ణరాజసాగర్ డ్యామ్‌ల నుంచి నీరు వదిలితే, సరిహద్దులోని బిలిగుండ్లు దగ్గర కేంద్ర జల సంఘం కొలమానంలో తెలుస్తుంది. ప్రవాహం పెరిగిందనగానే ధర్మపురి జిల్లా యంత్రాంగం పుట్టి సవారీలు, స్నానాలు నిలిపివేస్తుంది. తగ్గాక మళ్లీ తెరుస్తుంది.

ఇక్కడ మూడు పనులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నీటిని కొలిచేవారు ఉన్నారు. ఆ అంకె పత్రికల్లో కూడా వస్తుంది. ఆ అంకెను చూసి ఆపమని చెప్పే అధికారం ఒక కార్యాలయానికి ఉంది. ఆ రోజు పుట్టివాళ్ల సంపాదన పోతుంది, ఆ నష్టం చిన్నది కాదు. కానీ ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఆ రోజు కూలి మీద బతికే మనిషి నెత్తిన పడదు.

రాఫ్టింగ్ నదుల్లో సరిగ్గా ఆ భారమే గైడ్ మీద పడుతోంది. ట్రిప్పు లెక్కన డబ్బు అందుకునే గైడ్, వానాకాలం రెండు నెలలు పని లేని గైడ్, ‘నీరు బాగోలేదు, ఈ రోజు వద్దు’ అని యజమానికి చెప్పాలంటే ధైర్యం కావాలి. దూరం నుంచి వచ్చిన పర్యాటకులు తిరుగు రైలు టికెట్ చూపించి ఒత్తిడి చేస్తారు. పక్క కంపెనీ రాఫ్ట్ వెళ్తూ కనిపిస్తుంది. అలాంటప్పుడు గైడ్ విచక్షణ మీద భద్రతను వదిలేస్తే అది నియంత్రణ అనిపించుకోదు.

ఒక నది ఎన్ని రాఫ్టులను మోయగలదు?

లైసెన్సు తేల్చాల్సిన ఇంకో సంగతి సంఖ్య. ఒక ఉరవడి ముందు రాఫ్టులు బారులు తీరితే, ముందున్నది తిరగబడినప్పుడు వెనకదానికి ఆగే చోటు ఉండదు. నీటిలో పడినవారి మీదికే అది వస్తుంది. పైగా రాఫ్టులు దించే చోట ట్రాఫిక్, చెత్త, ఒడ్డు కోత పెరుగుతాయి.

అమెరికాలో గ్రాండ్ కేన్యన్ మీదుగా పారే కొలరాడో నదిలో నేషనల్ పార్క్ సర్వీస్ రోజుకు ఎన్ని బృందాలు బయల్దేరవచ్చో ముందే నిర్ణయిస్తుంది. వ్యాపార సంస్థల వాటా వేరు, సొంత పడవలతో వచ్చేవారి వాటా వేరు. 2006 నాటి ప్రణాళిక తరువాత సొంతంగా వచ్చేవారికి లాటరీ తీస్తున్నారు. మన నదులకు ఆ పద్ధతిని యథాతథంగా తేలేం. గంగ ఒడ్డున బతికే కుటుంబాల సంఖ్య వేరు, అక్కడి పరిస్థితి వేరు.

పరిమితి పెట్టడంలో ఒక చిక్కు కూడా ఉంది. లైసెన్సుల సంఖ్య గట్టిగా బిగిస్తే అవి డబ్బున్నవాళ్ల చేతికి చేరి, స్థానికులు వాళ్ల దగ్గర కూలీలవుతారు. బార్లా తెరిస్తే నది కిక్కిరిసిపోతుంది. మేఘాలయలో బంగ్లాదేశ్ సరిహద్దున ఉన్న డావ్కి ప్రాంతంలో ఉమ్‌గోట్ నది మీద అద్దె పడవలు నడిపేది ఎక్కువగా ఆ ఊళ్ల వాళ్లే. అద్దాన్ని తలపించే నీరే వాళ్ల పెట్టుబడి కాబట్టి దాన్ని కాపాడుకోవడంలో వాళ్లకు నేరుగా ఆసక్తి ఉంది. స్థానికులకు వాటా రాసిపెట్టి, రోజువారీ సంఖ్యకు పరిమితి పెట్టడం మన దగ్గర పనికొచ్చే దారి.

ఏం మారాలి?

పైన చెప్పిన ఉదాహరణల నుంచి నాలుగు మార్పులు తేలికగా బయటికొస్తాయి. ఏదీ కొత్త సాంకేతికత కోరదు.

ప్రతి రాఫ్టింగ్ మార్గానికీ ఒక నీటిమట్టం గీత ఉండాలి. బయల్దేరే చోట రాతి మీదో స్తంభం మీదో ఎర్ర రంగుతో అది కనిపించాలి. నీరు ఆ గీత దాటితే ఆ రోజు రాఫ్ట్ లేదు. ప్రయాణికుడు కూడా చూసి అడగగలిగే నిబంధన ఇది.

డ్యామ్ నుంచి నీరు వదిలే ముందు ఆ సమాచారం దిగువన రాఫ్టులు దించే ప్రతి చోటికీ చేరాలి. నీరు ఎంత సేపట్లో ఎక్కడికి చేరుతుందో ప్రాజెక్టు ఇంజినీర్లకు తెలుసు. ఆ లెక్క రాఫ్టింగ్ సంస్థల గోడల మీద కూడా ఉండాలి.

ఆపమని చెప్పే అధికారం ఒడ్డున ఉన్న ఒక అధికారికి ఉండాలి. జిల్లా కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చేసరికి రాఫ్ట్ రెండు ఉరవడులు దాటుతుంది. నీరు బాగోలేదని ట్రిప్పు నిరాకరించిన గైడ్‌కు ఆ రోజు కూలి దక్కాలని లైసెన్సు షరతుల్లోనే రాయాలి.

ప్రమాదాల లెక్క బయటపెట్టాలి. రాఫ్ట్ తిరగబడి అందరూ క్షేమంగా బయటపడిన సందర్భాలు సాధారణంగా వార్తల్లోకి రావు. ఏ ఉరవడిలో, ఎంత నీటిలో, ఎన్నిసార్లు అలా జరిగిందో నమోదైతేనే ఆ ఎర్ర గీత ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

ప్రయాణికులు ఏం చూసుకోవాలి?

బుకింగ్ బల్ల దగ్గర ఉన్నది ఏజెంటా, లైసెన్సు ఉన్న సంస్థా అని అడగండి. చాలాసార్లు డబ్బు తీసుకునేది ఒకరు, రాఫ్ట్ నడిపేది మరొకరు. రసీదు మీద నడిపే సంస్థ పేరు, లైసెన్సు నంబరు ఉండాలి.

గైడ్ అనుమతి పత్రం చూపించమనండి. అడగడం అవమానం కాదు. మంచి గైడ్లు గర్వంగానే చూపిస్తారు. బయల్దేరే ముందు నీటిలో పడితే ఎలా తేలాలో, తాడు ఎలా పట్టుకోవాలో వివరించని గైడ్‌తో వెళ్లకండి. ఆ వివరణ మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. హిందీ రాని పెద్దవాళ్లు, పిల్లలు మీ బృందంలో ఉంటే ఎవరో ఒకరు తెలుగులో చెప్పాకే కదలండి.

లైఫ్ జాకెట్‌ను భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. చెవుల దాకా జారితే అది మీ కొలత కాదు. పడవ మధ్యలో ఫొటోల కోసం బకిల్ విప్పవద్దు. వయసు పరిమితి, గుండె జబ్బు, గర్భం విషయంలో అబద్ధం చెప్పవద్దు. మద్యం తాగి ఎక్కవద్దు.

‘ఏం జరిగినా నాదే బాధ్యత’ అని రాసిన కాగితం మీద సంతకం చేసినంత మాత్రాన నిర్వాహకుడి నిర్లక్ష్యం మాఫీ కాదు. నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే క్రిమినల్ కేసును ఏ సంతకమూ ఆపలేదు. పరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారీ ఉంటుంది. రసీదు, బయల్దేరే ముందు తీసిన ఫొటో దాచుకోండి.

చివరగా, గైడ్ ‘ఈ రోజు నీరు ఎక్కువగా ఉంది, వద్దు’ అంటే బేరం ఆడవద్దు. అంత దూరం వెళ్లి రాఫ్ట్ ఎక్కకుండా తిరిగి రావడం బాధగానే ఉంటుంది. కానీ నీటిమట్టం గీతలు లేని నదుల్లో ప్రస్తుతానికి మనకున్న హెచ్చరిక ఆ ఒక్క మాటే.